పాప విమోచనం: క్రైస్తవ దృష్టి

మనిషి పాపానికి కట్టుబడి ఉన్నాడు, ఆ కట్టును తనంతట తాను తెంచుకోలేడు, యేసుక్రీస్తు జీవితం, సిలువ మరణం, పునరుత్థానం ద్వారా దేవుడే దాన్ని తెంచాడు. క్రైస్తవంలో పాప విమోచనమంటే ఈ విశ్వాసమే. క్రైస్తవుల్లో ఎన్ని శాఖలున్నా ఇంతవరకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గర. యెరూషలేము ఊరి బయట రోమా సైనికులు ఒక మనిషిని కొయ్యకు కొట్టి చంపితే, లోకంలో మిగతావాళ్ల పాపం ఎలా పోతుంది?

దీనికి అన్ని సంఘాలూ ఒప్పుకున్న ఒక్క జవాబు లేదు. చాలామంది విశ్వాసులకే ఈ సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. క్రీస్తు ఎవరన్న ప్రశ్న మీద 325లో నికయ సభ, 451లో కల్కెదోను సభ మాట మాటా తూచి తీర్మానాలు చేశాయి. ఒప్పుకోనివాళ్లను వెలివేశాయి కూడా. సిలువ ఎలా పనిచేస్తుందన్నదాని మీద మాత్రం ఏ సార్వత్రిక సభా అలాంటి తీర్మానం చేయలేదు. క్రీస్తు మన కోసం, మన రక్షణ కోసం దిగివచ్చాడని చెప్పి నికయ విశ్వాస ప్రమాణం ముందుకు సాగిపోయింది. అలా వదిలేసిన చోటును ప్రతి కాలమూ తన చేతికందిన వాటితో నింపుకుంది. బానిసలను కొని అమ్మే రోజుల్లో విమోచనం సంత భాషలో వినిపించింది. ప్రభువులూ సామంతుల రోజుల్లో పరువు భాషలోకి మారింది. న్యాయశాస్త్రం చదివినవాళ్లు వేదాంతులయ్యాక కోర్టు భాష వచ్చింది. ఊరికి వెట్టి చేసేవాళ్ల చెవిన పడ్డప్పుడు అది వెట్టి నుంచి విడుదలగా అర్థమైంది.

పాపమంటే

పాపపుణ్యాలనగానే తెలుగువాడి మనసుకు లెక్క తడుతుంది: చేసిన పాపం ఇంత, పుణ్యం ఇంత, మిగిలింది అనుభవించాలి. క్రైస్తవంలోనూ చేసిన తప్పులకు లెక్క ఉంది గానీ అసలు సంగతి అది కాదు. దేవుడితో సంబంధం తెగిపోవడం, ఆ తెగిన స్థితిలోనే మనిషి పుట్టి పెరగడం, ముందుగా దాన్నే పాపమంటారు. దొంగతనం, అబద్ధం, హింస అందులోంచి పుట్టుకొచ్చేవి. మంచి పనులు ఎన్ని కూడబెట్టినా ఆ స్థితి మారదని నమ్మడం వల్లనే విమోచకుడు కావలసివచ్చాడు.

ఆదాము, హవ్వ దేవుడి మాట దాటి పండు తిన్న ఆదికాండ కథ దీనికి మూలం. అయితే యూదులు అదే కథను క్రైస్తవుల కంటే ముందునుంచీ చదువుతున్నారు. పుట్టిన బిడ్డ పుడుతూనే దోషి అన్న నిర్ణయానికి వాళ్లు రాలేదు. అటువైపు దారి చూపింది రోమీయులకు పౌలు రాసిన పత్రిక ఐదో అధ్యాయం. ఆ దారిని రాచబాట చేసింది ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను (354–430). ఆయన కాలంలోనే పెలాగియస్ అనే తపస్వి, దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తీ మనిషికి ఇచ్చే ఉంటాడని బోధించాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. మనిషి కోరికే జబ్బుపడిందనీ, మంచిని కోరుకోవడానికి కూడా ముందు దేవుడి కృప కావాలనీ అగస్టీను ఎదురువాదం. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను ఖండించింది. అప్పటినుంచి పాశ్చాత్య క్రైస్తవం, క్యాథలిక్కులైనా ప్రొటెస్టెంట్లైనా, అగస్టీను నీడలోనే నడిచింది.

తూర్పున ఉన్న ఆర్థడాక్స్ సంఘాలు ఆ నీడలోకి రాలేదు. ఆదాము నుంచి మనకు సంక్రమించింది చావు, చెడు వైపు మొగ్గు; అతని నేరం మాత్రం మన నెత్తిన పడదు అన్నది వాళ్ల మాట. పాపం జబ్బయితే వైద్యుడు కావాలి, నేరమైతే న్యాయస్థానం కావాలి. తూర్పు పడమరల మధ్య తర్వాత వచ్చిన తేడాల్లో చాలావాటికి మొదలు ఇక్కడే ఉంది.

ఇశ్రాయేలు నుంచి వచ్చినవి

విమోచనమన్న ఊహ క్రైస్తవంతో పుట్టింది కాదు. ఐగుప్తులో ఇటుకలు చేసే బానిసలను దేవుడు మోషే చేత విడిపించిన కథ ఇశ్రాయేలీయుల జ్ఞాపకానికి గుండెకాయ. ఏటా పస్కా పండుగలో దాన్ని తలచుకుంటారు. అక్కడ విడుదల ఫరో నుంచి, సొంత పాపం నుంచి కాదు. అమెరికాలో నల్లజాతి బానిసలకు బైబిల్లో అన్నిటికంటే దగ్గరగా తోచింది ఈ కథే.

రెండోది కుటుంబ చట్టం. అప్పులపాలై పొలం అమ్ముకున్నవాడి పొలాన్నీ, తననే అమ్ముకున్నవాణ్ణీ విడిపించే బాధ్యత దగ్గరి బంధువుదని లేవీయకాండం 25వ అధ్యాయం చెబుతుంది. ఇది ఎలా నడిచేదో రూతు గ్రంథంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బోయజు బేత్లెహేము ఊరి గవిని దగ్గర కూర్చుని, తనకంటే దగ్గరి బంధువు అటుగా వస్తే పిలిచి కూర్చోబెడతాడు. పదిమంది పెద్దలను సాక్షులుగా కూర్చోబెట్టి, నయోమి పొలం విడిపిస్తావా అని అడుగుతాడు. విడిపిస్తానంటాడు ఆ మనిషి. పొలంతో పాటు చనిపోయినవాడి భార్య రూతును కూడా చేసుకోవాలని తెలిసేసరికి, నా ఆస్తికి నష్టమని వెనక్కి తగ్గి, చెప్పు విప్పి ఇచ్చేస్తాడు. హక్కు వదులుకున్నందుకు అది గుర్తు. కథ అతనికి పేరు కూడా పెట్టలేదు. విడిపించేవాడు పరాయివాడు కాడు, రక్తసంబంధి. విడిపించడానికి తనకు నష్టం వచ్చినా భరించాలి. క్రీస్తు మనిషిగా పుట్టడం ఎందుకన్న ప్రశ్నకు ప్రసంగీకులు నేటికీ ఇక్కడినుంచే జవాబు చెబుతారు.

మూడోది బలి. ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు స్నానం చేసి, నారబట్టలు కట్టుకుని, తన కోసం ఒక కోడెను అర్పించాక రెండు మేకల మీద చీట్లు వేసేవాడు. ఒక మేకను వధించి దాని రక్తాన్ని ధూపం పొగ మధ్య అతిపరిశుద్ధ స్థలంలోని కరుణాపీఠం మీద చిలకరించేవాడు. రెండో మేక తల మీద రెండు చేతులూ పెట్టి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని ఎడారికి తోలించేవాడు. ఇక్కడ సాధారణంగా చూపు దాటిపోయే ఒక సంగతి ఉంది. పాపాలు మోసిన మేకను లేవీయకాండం చంపమనలేదు. చచ్చిన మేక మీద పాపాలు మోపలేదు. క్రైస్తవ ప్రసంగాలు ఈ రెండు మేకలనూ ఒకటిగా కలిపి సిలువ మీద చూపిస్తాయి. పాపాలు మోసిందీ చనిపోయిందీ ఒక్కరే అన్న చిత్రానికి దగ్గరి మూలం ఈ మేకల కంటే యెషయా 53వ అధ్యాయంలోని బాధామయ సేవకుడే.

సా.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చారు. బలులు ఆగిపోయాయి. యూదులు పశ్చాత్తాపం, ప్రార్థన, దానధర్మాలను ఆధారం చేసుకున్నారు. బలి అవసరం సిలువతో ఒక్కసారిగా తీరిపోయిందని క్రైస్తవులు చెప్పుకున్నారు. హెబ్రీయులకు రాసిన పత్రిక వాదనంతా ఇదే.

కొత్త నిబంధనలో

యేసు బోధలో విమోచన సిద్ధాంతం కోసం వెతికితే దొరికేది తక్కువ. తన ప్రాణాన్ని అనేకుల కోసం విమోచన క్రయధనంగా ఇవ్వడానికి వచ్చానని మార్కు సువార్త పదో అధ్యాయంలో ఒక్క వాక్యం ఉంది. కడరాత్రి భోజనంలో గిన్నె పట్టుకుని నిబంధన రక్తమన్న మాట ఉంది. మిగతాదంతా కథలూ, చేతలూ. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి కొడుకు ఇంకా దూరాన ఉండగానే పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంటాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెల్లించరు. యెరికో ఊళ్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంట యేసు దిగితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని అతనే లేచి నిలబడి చెబుతాడు, అప్పుడు ఆ ఇంటికి రక్షణ వచ్చిందంటాడు యేసు. సిలువ గురించి ఎలాంటి సిద్ధాంతం చేసినా ఈ రెండు కథలకూ అందులో చోటుండాలి. చాలా సిద్ధాంతాలకు వీటితోనే చిక్కు.

సిలువను వివరించే పని పౌలుది. 57 ప్రాంతంలో రాసిన రోమా పత్రికలోనే ఆయన బలి, కోర్టు, బానిస సంత, యుద్ధఖైదీలు అన్నిటినీ కలిపి వాడేశాడు. ఆదాము ఒక్కడి వల్ల వచ్చిన నష్టం క్రీస్తు ఒక్కడి వల్ల తీరిందన్నాడు. గలతీయులకు రాసినప్పుడు ధర్మశాస్త్ర శాపం నుంచి కొని విడిపించాడన్నాడు. ఈ చిత్రాలు ఒకదానితో ఒకటి అతకవు. పౌలు వాటిని అతికించే ప్రయత్నమూ చేయలేదు.

కొని విడిపించడమంటే ఆనాటి శ్రోతలకు ఏం గుర్తొచ్చేదో గ్రీసులోని డెల్ఫీలో రాతి మీద ఉంది. అపొల్లో ఆలయం కింది అడ్డగోడ రాళ్ల మీద బానిసల విడుదల పత్రాలు వందలకొద్దీ చెక్కి ఉన్నాయి. బానిస తన ధర తానే కూడబెట్టి గుడిలో కట్టేవాడు. దేవుడు అతణ్ణి యజమాని దగ్గర కొన్నట్టు రాసేవాళ్లు. ఆపైన అతను దేవుడి మనిషి, ఎవరూ తిరిగి బానిసగా పట్టుకోకూడదు. చాలా పత్రాల్లో ఇంకో షరతు కూడా ఉంది: యజమాని బతికున్నంత కాలం అతని దగ్గరే పనిచేస్తూ ఉండాలి! జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్మన్ 1908లో అచ్చయిన పుస్తకంలో పౌలు భాషకు ఇదే నేపథ్యమని వాదించాడు. తర్వాతి పండితులు అంత సూటిగా ఒప్పుకోలేదు. డెల్ఫీలో డబ్బు బానిసది, దేవుడు పేరుకే కొనుగోలుదారు. పౌలు చెప్పే లావాదేవీలో బానిస చేతిలో చిల్లిగవ్వ లేదు, ఖర్చంతా దేవుడిదే. ఆ తేడాయే ఆయన సువార్తకు ప్రాణం.

వెల ఎవరికి?

సంత భాష వాడగానే సంత ప్రశ్న వస్తుంది: వెల చెల్లించింది ఎవరికి? మూడో శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిగెను, సాతానుకేనన్నాడు. మనుషులు పాపం చేసి సాతాను చేతికి చిక్కారు, వాళ్లను విడిపించుకోవడానికి దేవుడు తన కుమారుణ్ణి ఇచ్చాడు. నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగోరీ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, మానవ శరీరమనే ఎర వెనక దైవత్వమనే గాలం దాగి ఉందనీ, సాతాను ఎరను మింగి గాలానికి చిక్కాడనీ చెప్పాడు. దేవుడు మోసం చేశాడా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. మోసగాణ్ణి మోసం చేయడం న్యాయమేనని ఆయనే సమాధానం కూడా రాసుకున్నాడు. ఆయన స్నేహితుడు నజియాంజుసు గ్రెగోరీకి ఇదంతా ఏవగింపు. దొంగకు దేవుణ్ణే క్రయధనంగా ఇవ్వడమేమిటని ఆయన మండిపడ్డాడు. పోనీ తండ్రికి చెల్లించాడందామంటే, మనల్ని చెరపట్టింది తండ్రి కాదే! ఆ ప్రశ్నను తేల్చకుండా, దాని మీద మౌనమే మేలని వదిలేశాడు. నా మట్టుకు ఈ చరిత్ర మొత్తంలో అంత నిజాయితీగా రాసిన పేజీలు కొద్దిగానే కనిపిస్తాయి.

తూర్పు సంఘం మొగ్గు వేరే వైపుకు. రెండో శతాబ్దం చివర లియోన్ బిషప్పు ఇరేనియస్, ఆదాము తప్పటడుగు వేసిన ప్రతి చోటా క్రీస్తు సరైన అడుగు వేసి మానవ జీవితాన్ని మొదటినుంచి తిరిగి నడిచాడన్నాడు. నాలుగో శతాబ్దంలో అథనాసియస్, మనిషి దైవత్వంలో పాలుపంచుకోవడానికే దేవుడు మనిషయ్యాడన్నాడు. అంటే విమోచనం శుక్రవారం మధ్యాహ్నం సిలువ మీద మాత్రమే జరిగింది కాదు. మరియ గర్భంలో మొదలై ఖాళీ సమాధి దాకా సాగింది.

ఈ మాటను పుస్తకాల కంటే ఒక గోడ బొమ్మ బాగా చెబుతుంది. ఇస్తాంబుల్లోని ఖోరా ఆలయపు పక్క మందిరంలో పద్నాలుగో శతాబ్దం తొలి పాదంలో వేసిన కుడ్యచిత్రం అది. తెల్లబట్టల క్రీస్తు కాళ్లు ఎడంగా వేసి, బలంగా నిలబడి ఉంటాడు. ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. పట్టుకున్నది అరచేయి కాదు, మణికట్టు. చేతులు కలపడంలో ఇద్దరి పట్టూ ఉంటుంది. మణికట్టు పట్టి లాగడంలో పట్టంతా లాగేవాడిదే. ఆయన కాళ్ల కింద పాతాళపు తలుపులు ఊడిపడి ఉంటాయి, చుట్టూ విరిగిన గడియలూ తాళాలూ తాళపుచెవులూ చిందరవందరగా. వాటి మధ్య కట్టేసిన సాతాను. రక్తం లేదు, న్యాయమూర్తి లేడు.

పరువు, ప్రేమ

పశ్చిమంలో మలుపు తిప్పింది కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అన్సెల్మ్. ఇంగ్లండు రాజుతో తగువుపడి ఇటలీలో తలదాచుకుంటూ 1098లో ఒక సంభాషణ గ్రంథం పూర్తిచేశాడు. దేవుడు మనిషిగా ఎందుకు రావలసివచ్చిందన్నదే దాని పేరూ, ప్రశ్నా. సాతానుకు దేవుడు బాకీపడడమన్న ఊహను ఆయన ఒక్క దెబ్బతో తోసేశాడు. బాకీ ఉన్నది మనిషి, దేవుడికి. పాపమంటే దేవుడికి దక్కాల్సిన ఘనతను దక్కనీయకపోవడం. అవమానం పరిమాణం అవమానం పొందినవాడి హోదాను బట్టి ఉంటుంది గనుక, అనంతుడైన దేవుడికి జరిగినదానికి పరిహారమూ అంత పెద్దదే కావాలి. చెల్లించాల్సింది మనిషి, చెల్లించగలిగింది దేవుడు. కాబట్టి రెండూ అయినవాడు రావాలి. ప్రభువు పరువు మీద వ్యవస్థ మొత్తం నిలబడ్డ సామంత యుగంలో ఈ తర్కం ఎంత సహజంగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. ఒక్క జాగ్రత్త: అన్సెల్మ్ లెక్కలో పరిహారం శిక్షకు ప్రత్యామ్నాయం. క్రీస్తు శిక్ష అనుభవించాడని ఆయన చెప్పలేదు. నేడు ఆయన పేరు మీద ప్రచారంలో ఉన్న బోధ చాలావరకు ఆయనది కాదు.

పారిస్ తర్కవేత్త పీటర్ అబెలార్డ్ (1079–1142) ఈ లెక్కనే కాదన్నాడు. నిర్దోషి రక్తంతో గానీ తృప్తిపడని దేవుడు క్రూరుడు కాడా అని రోమా పత్రిక వ్యాఖ్యానంలో అడిగాడు. సిలువ దేవుడి మనసు మార్చదు, మనిషి మనసు మారుస్తుంది. అంత ప్రేమను చూసినవాడు తిరిగి ప్రేమించకుండా ఉండలేడు. ప్రేమ చూపించడం ఒక్కటే అయితే విమోచనం ఎక్కడుందని క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ విరుచుకుపడ్డాడు. సాన్స్ నగర సభలో అబెలార్డ్ బోధలు ఖండనకు గురయ్యాయి. తప్పిపోయిన కుమారుడి తండ్రి మాత్రం అబెలార్డ్ పక్షానే సాక్ష్యం చెబుతాడు.

కోర్టు గది

1215లో నాలుగో లాటరన్ సభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా గురువు ముందు పాపాలు ఒప్పుకోవాలని నియమం పెట్టింది. క్షమాపణ దొరికాక కూడా పాపానికి ఈ లోకంలోనో, చనిపోయాక ఉత్తరించు స్థలంలోనో కొంత దండన మిగిలి ఉంటుందనీ, ఆ దండనను సంఘం తగ్గించగలదనీ క్యాథలిక్ బోధ. పాపపరిహార పత్రాలు ఈ బోధ మీదనే నడిచాయి. పదహారో శతాబ్దం మొదట్లో రోములో సెయింట్ పీటర్స్ ఆలయ నిర్మాణానికి డబ్బు కావలసివచ్చి, టెట్జెల్ అనే సన్యాసి జర్మనీ ఊళ్లలో ఈ పత్రాలు అమ్మిన తీరు చూసి, విటెన్‌బర్గ్ ఆచార్యుడు మార్టిన్ లూథర్ 1517 అక్టోబర్ 31న 95 వాదాంశాలు ముందుపెట్టాడు.

పత్రాలు ఒక సాకు మాత్రమే. మఠంలో ఉపవాసాలు చేసి, గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, అయినా దేవుడికి నచ్చానో లేదో తెలియక నలిగిపోయిన మనిషి లూథర్. రోమా పత్రికలో దొరికిన జవాబు ఆయనకు ప్రాణం పోసింది: మనిషిని నీతిమంతుడిగా తీర్చేది విశ్వాసం, క్రియలు కాదు, క్రీస్తు నీతి అతనిదిగా లెక్కకు వస్తుంది. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ. దీనికి క్యాథలిక్కుల జవాబు ట్రెంట్ సభ 1547లో ఇచ్చింది. కృప లేనిదే ఆరంభమే లేదని ఒప్పుకుంటూనే, ఆ కృపకు మనిషి సహకరించాలనీ, నీతి లెక్కలో రాసుకునేది కాదు, లోపల నిజంగా మార్పు తెచ్చేదనీ చెప్పింది. నాలుగు శతాబ్దాల పైచిలుకు కొట్లాట తర్వాత, 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య, క్యాథలిక్ సంఘం ఈ అంశం మీద ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మూల విషయంలో ఏకాభిప్రాయం ఉందనీ, మిగిలిన తేడాలు ఒకరినొకరు శపించుకునేంతవి కావనీ దాని సారాంశం. మెథడిస్టులు 2006లో చేరారు.

సిలువను పూర్తిగా కోర్టుగదిగా మార్చింది జాన్ కాల్విన్. ఆయన ఓర్లియాన్లో, బూర్జ్‌లో న్యాయశాస్త్రం చదివినవాడు. నేరస్థుడి స్థానంలో నిర్దోషి నిలబడి శిక్ష అనుభవించాడన్న బోధ, ఇవాళ మన పల్లెల్లో మైకుల్లో వినిపించే సువార్తలో ఎక్కువ భాగం, ఆయన పరంపరదే. అదే శతాబ్దంలో ఫౌస్టస్ సొచీనుస్ దానికి గట్టి అడ్డుప్రశ్న వేశాడు. అప్పు ఎవరో తీర్చేస్తే ఇక క్షమించడానికేం మిగిలింది? క్షమించేస్తే తీర్చడమెందుకు? జవాబుకు పూనుకున్నది కూడా న్యాయవాదే, డచ్చి పండితుడు హ్యూగో గ్రోషియస్. 1617లో అచ్చయిన వాదనలో ఆయన దేవుణ్ణి అప్పులవాడిగా కాక పాలకుడిగా చూపాడు: చట్టం మీద గౌరవం నిలబెడుతూనే క్షమాభిక్ష పెట్టడానికి సిలువ ఒక మార్గం. క్రీస్తు అందరి కోసమూ చనిపోయాడా, ఎన్నుకున్నవాళ్ల కోసమేనా అన్న ఇంకో తగువు 1618–19లో డోర్ట్ సభకెక్కింది. అక్కడ ఎన్నిక పక్షం గెలిచింది. ఆ తీర్పుకు ఎదురు తిరిగినవాళ్లలో పెద్ద పేరు జాన్ వెస్లీది. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయం కలిగిందని ఆయన రాసుకున్నాడు. రక్షణ పొందిన తేదీ చెప్పుకునే అలవాటు బలపడింది ఆ ఉజ్జీవంతోనే.

విముక్తుడి మీద మిగిలే ప్రశ్న

మారిన మనిషి ఎంత మారతాడు? ఈ ప్రశ్నకు జాన్ న్యూటన్ జీవితం కంటే ఇబ్బందికరమైన ఉదాహరణ దొరకదు. లోకమంతా పాడే కృపా గీతాన్ని రాసిన ఈ ఇంగ్లీషు పాస్టరు, 1748లో సముద్రం మీద తుపానులో దేవుడికి మొరపెట్టి తన మారుమనస్సును ఆ రోజునుంచి లెక్కించుకున్నాడు. ఆ తర్వాతే బానిసల ఓడకు కెప్టెనయ్యాడు. 1754లో ఓడ దిగింది కూడా అనారోగ్యం వల్ల, పశ్చాత్తాపం వల్ల కాదు. ఆ వ్యాపారాన్ని బాహాటంగా ఖండిస్తూ కరపత్రం అచ్చువేసింది 1788లో. తుపానుకూ కరపత్రానికీ మధ్య నలభై ఏళ్లు. క్షమాపణ క్షణంలో, పవిత్రీకరణ జీవితమంతా అని వేదాంతులు తేలిగ్గా విడదీసి చెబుతారు గానీ, ఆ నలభై ఏళ్ల బాకీ ఎవరిదో ఓడ అడుగున గొలుసుల్లో ఉన్నవాళ్లను అడగాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వైపు నుంచే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. స్వీడన్ బిషప్పు గుస్తాఫ్ ఔలెన్ 1930 ప్రాంతంలో, చెడుశక్తుల మీద క్రీస్తు విజయమన్న పాత చిత్రాన్ని తిరిగి ముందుకు తెచ్చాడు. పెరూ గురువు గుస్తావో గుటియెరెజ్ 1971 నాటి గ్రంథంలో, పాపం మనుషుల గుండెల్లోనే కాదు, భూమి, కూలి, అధికారం పంచుకునే తీరులోనూ గూడుకట్టుకుంటుందన్నాడు. నిర్దోషి మౌనంగా హింస భరించడమే రక్షణ అని బోధిస్తే, ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకి ఏం చెప్పినట్టని స్త్రీవాద వేదాంతులు నిలదీశారు.

తెలుగు నేల మీద

సామాజిక పాపమన్న మాటను అమెరికాలో సిద్ధాంతంగా మలచినవాడు వాల్టర్ రౌషెన్‌బుష్. 1917 నాటి ఆయన గ్రంథం అందుకు ఆధారం. ఆయన అక్క ఎమ్మా ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య. అక్క బతికిన ఊళ్లలో ఆ సిద్ధాంతానికి ముందే ఆచరణ జరిగిపోయింది. బాప్టిస్టు మిషన్ తరఫున క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అతని తొలి అనుచరుల్లో ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ; అంతకుముందే యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. అతని ద్వారా మాదిగపల్లెల్లోకి వెళ్లిన బోధ మూడు నియమాలుగా అర్థమైంది: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. బయటివాళ్లకు ఇవి మామూలు ఆచారాలుగా కనిపిస్తాయి. మాదిగకు ఊరితో ఉన్న సంబంధమంతా చచ్చిన గొడ్డును లాగడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు పనికి వెళ్లడం మీదే నడుస్తున్న రోజుల్లో ఈ మూడూ కలిసి ఊరి కట్టుబాటునే తెంచాయి. మునసబులూ కరణాలూ కోపగించుకున్నారంటే అందుకే. పాపం నుంచి విడుదలెక్కడ ముగిసిందో, వెట్టి నుంచి విడుదలెక్కడ మొదలైందో అక్కడ గీత గీయడం కష్టం.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. నీటిలో ముంచినది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ముంచారు.

విమోచన బోధ తెలుగువాళ్ల గుండెలకు ఎక్కింది ప్రశ్నోత్తర పుస్తకాల వల్ల కాదు, పాటల వల్ల. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నేటికీ ఉన్నాయి. చదువురాని ముసలమ్మలు కూడా సిలువ అర్థం వాటి నుంచే చెప్పగలరు. ఆచారంలో మాత్రం శాఖకో దారి. క్యాథలిక్కులు పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇప్పిస్తారు, పెద్దయ్యాక గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తారు, తపస్సుకాలంలో సిలువ మార్గం నడుస్తారు. బాప్టిస్టులూ, పెంతెకొస్తువాళ్లూ, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్తసింగ్ (1903–2000) నడిపిన సహవాసాలవాళ్లూ మారుమనస్సు పొందినవాళ్లకే కాలువలోనో చెరువులోనో తొట్టిలోనో ముంపు బాప్తిస్మం ఇస్తారు. సాక్ష్యం చెప్పమంటే ఫలానా కూటంలో, ఫలానా రాత్రి రక్షణ పొందానని మొదలుపెడతారు. లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో పసిబిడ్డల బాప్తిస్మం, తర్వాత నిర్ధారణ. శుభ శుక్రవారం మధ్యాహ్నం సిలువ మీది ఏడు మాటల ఆరాధనలో మాటకొక ప్రసంగీకుడు లేస్తాడు. ఓపిగ్గా కూర్చున్నవాడికి ఆ మూడు గంటల్లోనే ఓరిగెను, అన్సెల్మ్, అబెలార్డ్, కాల్విన్ నలుగురూ, పేర్లు లేకుండా, వినిపిస్తారు.

తెలుగువాళ్లలో ఈ సిద్ధాంతాన్ని కొత్తగా ఆలోచించినవాడు నెల్లూరు మూలాలున్న పాండిపెద్ది చెంచయ్య (1886–1959). ఆయనా న్యాయవాదే, మద్రాసులో ప్రాక్టీసు చేసి, పుదుక్కోటలో జడ్జిగా పనిచేశాడు. కాల్విన్, గ్రోషియస్ కోర్టు భాషను పెంచితే, జీవితమంతా కోర్టులో గడిపిన చెంచయ్యకు ఆ భాష రుచించలేదు. 1938లో తాంబరం మిషనరీ మహాసభకు ముందు స్నేహితులతో కలిసి తెచ్చిన వ్యాస సంపుటిలో ఆయన ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. యేసు పాత బాకీ తీర్చడానికి వచ్చినవాడు కాడు. సృష్టిలో కొత్త అంచె, కొత్త మానవుడు. పరిశుద్ధాత్మ ఆ కొత్త సృష్టిని మనలో నడిపించే శక్తి. అద్వైతం, యోగం గాలి పీల్చి పెరిగిన మనిషి మాట అది. ఇరేనియస్ వింటే పెద్దగా ఆశ్చర్యపోడు.

1980ల నుంచి దళిత వేదాంతం ఇంకో ప్రశ్నను ముందుకు తెచ్చింది. అర్వింద్ నిర్మల్ వంటివాళ్లు, భారతీయ క్రైస్తవ వేదాంతం బ్రాహ్మణ తత్వంతో మాట్లాడుతూ సంఘంలో అత్యధికులైన దళితుల బాధను వదిలేసిందన్నారు. కులం పాపమైతే దాన్నుంచి విమోచనం బాప్తిస్మంతో జరిగిందా? క్రైస్తవుల్లోనే పెళ్లి సంబంధాలకు కులం అడగడం పోలేదు, కొన్నిచోట్ల సమాధుల దొడ్లూ వేరు. అటు చట్టమేమో, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే ఇచ్చి, 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించింది. క్రైస్తవంలోకి వచ్చిన దళితుడికి ఆ హోదా లేదు. కులం అతణ్ణి వదిలేసినట్టే కాగితం మీద లెక్క.